గ్రేడ్ వన్ ఫ్యాటీ లివరు, ఓ అయస్కాంతం కథ

మన ఇళ్ళల్లో పాత మెడికల్ ఫైళ్ళు తిరగేస్తే ఒక ముక్క దాదాపు ప్రతి ఇంట్లోనూ దొరుకుతుంది. అల్ట్రాసౌండు రిపోర్టు చివర్లో "గ్రేడ్ వన్ ఫ్యాటీ లివర్" అని. కిడ్నీలో రాయి ఉందేమోనని తీయించిన స్కానింగులో అడక్కుండా వచ్చిన కొసరు అది. డాక్టరు గారు "కాస్త నడవండి, నూనె తగ్గించండి" అంటారు, ఫైలు బీరువాలోకి వెళ్ళిపోతుంది.

చోడవరంలో మా పెద్దమ్మ ఫైలు మాత్రం బీరువాలోకి కాదు, బియ్యం డబ్బా వెనక్కి వెళ్ళింది. "లివరు జబ్బా? నానేటి తాగుతానేటి బాబూ!" అని ఆవిడ గొడవ. వియ్యాలవారి కంట పడితే ఏమనుకుంటారో అని భయం. సారా వాసన కూడా ఎరగని మనిషి. (చోడవరం అంటే విశాఖపట్నం జిల్లా అని రాయడమే నాకు అలవాటు. 2022 ఏప్రిల్ నుంచి మాది అనకాపల్లి జిల్లా.)

లివరు పాడైందంటే తాగుడే కారణం అన్న నమ్మకం ఆవిడొక్కర్తిదే కాదు, చాలాకాలం వైద్యులదీ దాదాపు అదే. ఎందుకలా అని కొన్నాళ్ళుగా దొరికినవన్నీ చదువుతున్నాను. నాకు అర్థమైంది ఏమిటంటే, అది వైద్యుల తెలివితక్కువ కాదు, పనిముట్టు లోపం. ఆరోగ్యంగా తిరుగుతున్న మనిషి కాలేయంలోకి తొంగి చూసే దారే ఎవరికీ లేదు. ఆ దారి వేసింది అయస్కాంతం. ఈ టపా ఆ కథ గురించే.

ముందు సూది సంగతి చెప్పుకోవాలి. పొట్ట కొయ్యకుండా కాలేయంలో కొవ్వు ఎంతుందో చూడాలంటే చాలా ఏళ్ళు ఒకటే పద్ధతి. పక్కటెముకల మధ్య నుంచి సూది పొడిచి చిన్న ముక్క బయటికి లాగి మైక్రోస్కోపు కింద పెట్టడం. బయాప్సీ అంటే అదే. 1958లో ఇటలీ డాక్టరు మెంఘీనీ ఒక్క సెకనులో ముక్క తీసే సూది పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాక ఈ పని బాగా తేలికైంది. తేలికైంది డాక్టరుకి లెండి. ఆ ముక్క మొత్తం కాలేయంలో సుమారు 50,000వ వంతు. అంటే కిలోన్నర బియ్యంలోంచి ఒకటి రెండు గింజలు తీసి మొత్తం రకం చెప్పడం లాంటిది. పైగా రక్తస్రావం భయం. అరుదే అయినా ప్రాణం మీదికొచ్చే భయం.

అందుకని జబ్బు ఉందని గట్టి అనుమానం ఉంటేనే పొడుస్తారు. బాగున్నవాణ్ణి పిలిచి "నీ లివర్లో కొవ్వెంతుందో సరదాగా చూద్దాం రావోయ్" అని ఏ డాక్టరూ అనలేడు. కాబట్టి సూది చూసిన కాలేయాలన్నీ జబ్బుపడ్డవాళ్ళవే. వాళ్ళలో తాగేవాళ్ళు ఎక్కువ. మిగతా లోకం కాలేయం ఎలా ఉంటుందో ఎవరూ చూళ్ళేదు, చూళ్ళేదు కాబట్టి బాగానే ఉంటుందని అనుకున్నారు. సాఫ్టువేరు వాళ్ళకి ఇది తెలిసిన జబ్బే. కంప్లైంటు వచ్చిన సర్వర్ల లాగులు మాత్రమే చదివి మిగతావన్నీ భేషుగ్గా ఉన్నాయని రిపోర్టు పంపడం.

1980లో అమెరికాలో మేయో క్లినిక్ కి చెందిన లుడ్విగ్ అనే ఆయన, ఆయన సహచరులు కలిసి 20 మంది రోగుల గురించి రాశారు. బయాప్సీ చూస్తే అచ్చం తాగుబోతు కాలేయం. మనుషులేమో తాగేవాళ్ళు కాదు. ఆ జబ్బుకి అప్పటిదాకా పేరే లేదు. "నాన్ ఆల్కహాలిక్" అని మొదలయ్యే పేరు వాళ్ళే పెట్టారు. ఫలానాది కాదు అని చెప్పే పేరన్నమాట. కాదు అంటూనే తాగుడుని జబ్బు పేరులోకి లాక్కొచ్చారు. ఆ పేరు మార్చి, మెటబాలిజం తేడాల వల్ల వచ్చే కొవ్వు కాలేయ వ్యాధి అనే అర్థం వచ్చేలా కొత్త పేరు పెట్టింది 2023లో. 43 ఏళ్ళు!

ఇక్కడ చిన్న పిడకలవేట. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం లెడర్లీ కంపెనీలో తయారుచేసిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. కేన్సరుకే కాదు, తర్వాత సోరియాసిస్ కీ, కీళ్ళవాతానికీ కూడా ఇచ్చారు, ఇప్పటికీ ఇస్తున్నారు. ఏళ్ళతరబడి వాడితే కొందరిలో అది కాలేయాన్ని పాడుచేస్తుంది. అందుకని సోరియాసిస్ రోగులకి మందు మొత్తం గ్రామున్నర చేరినప్పుడల్లా కాలేయం బయాప్సీ చెయ్యాలని పాత నియమాల్లో ఉండేది. చర్మం దురద కోసం వెళ్ళినవాడికి పొట్టలో సూది! వేరే దారి లేక.

సరే, అయస్కాంతానికి వద్దాం. ఈ కథలో నాకు బాగా నచ్చినది దీని మొదలు.

1945 డిసెంబరులో హార్వర్డ్ లో పర్సెల్, టోరీ, పౌండ్ అనే ముగ్గురు, అయస్కాంతం మధ్య పెట్టిన ఒక పదార్థంలోని హైడ్రోజన్ కేంద్రకాలు రేడియో తరంగాలకి స్పందించడం పట్టుకున్నారు. ఆ పదార్థం పారఫిన్ మైనం, కిరాణా కొట్లో కొన్నది. కొన్ని వారాల తేడాతో, 1946 మొదట్లో, స్టాన్ ఫర్డ్ లో బ్లాక్ బృందం అదే పని వేరే దారిలో చేసింది. వాళ్ళు పెట్టింది నీళ్ళు. 1952లో పర్సెల్ కీ బ్లాక్ కీ కలిపి నోబెల్ ఇచ్చారు. చూడండి, ఒకరు మైనం, ఒకరు నీళ్ళు. మైనం కూడా కొవ్వు లాగే పొడుగాటి కార్బన్ గొలుసులే. ఎం.ఆర్.ఐ. తో కాలేయంలో కొవ్వు కొలవడమంటే చివరికి ఈ రెంటినీ వేరుచెయ్యడమే. ఇంకో తమాషా, నీళ్ళు చాలా నిదానంగా స్పందిస్తాయేమోనని బ్లాక్ వాటిలో ఇనుము లవణం కలిపాడు. ఆ ఇనుమే ఈ కథలో ముందుముందు విలన్ గా వస్తుంది.

మరి రెంటినీ వేరుచెయ్యడం ఎలా? 1951లో స్టాన్ ఫర్డ్ లోనే ఆర్నాల్డ్, ధర్మట్టి, పకార్డ్ అనే ముగ్గురు ఒకే అణువులో ఉన్న హైడ్రోజన్లు కూడా, పక్కన ఎవరున్నారన్న దాన్ని బట్టి, కొద్ది కొద్ది తేడాతో వేరువేరు స్వరాల్లో పలుకుతాయని చూపించారు. ఆ మధ్యపేరు మనదే. ఎస్. ఎస్. ధర్మట్టి కర్ణాటక ఆయన, తర్వాత బొంబాయి టాటా ఇన్స్టిట్యూట్ లో ఈ విద్యకి పునాది వేశారు. ఇంతకీ వాళ్ళు అది చూపించింది దేంట్లో అనుకున్నారు? ఇథైల్ ఆల్కహాల్లో. అంటే సారాలో! మా పెద్దమ్మకి చెబితే "సూసావా, ఎక్కడికెళ్ళినా అదే" అంటుంది.

తర్వాత 1973లో లాటర్బర్ ఈ స్పందనల్ని బొమ్మగా మార్చే ఉపాయం చెప్పాడు. 1975లో జ్యూరిక్ లో అనిల్ కుమార్, వెల్టీ, ఎర్నెస్ట్ అనేవాళ్ళు ఫోరియర్ గణితంతో ఆ బొమ్మ గీసే పద్ధతి ఇచ్చారు. ఇప్పటి స్కానర్లన్నీ ఆ వంశంలోవే. అనిల్ కుమార్ గారు తర్వాత బెంగుళూరు ఐ.ఐ.ఎస్.సి. ప్రొఫెసరు.

మన కథకి అసలు మలుపు 1984. సెయింట్ లూయిస్ లో థామస్ డిక్సన్ అనే ఆయన ఒక చిన్న వ్యాసం రాశాడు. దాన్ని మా ఊరి భాషలో చెబుతాను. పక్కపక్కన రెండు చెరకు గానుగలు అనుకోండి, ఒక్కోదానికి ఒక్కో ఎద్దు. ఒక ఎద్దు నీళ్ళు, రెండోది కొవ్వు. మామూలు ఆసుపత్రి స్కానర్లో, అంటే 1.5 టెస్లా అయస్కాంతంలో, నీళ్ళ హైడ్రోజన్ సెకనుకి దాదాపు 6 కోట్ల 39 లక్షల చుట్లు తిరుగుతుంది. కొవ్వు ఎద్దు కాస్త బద్ధకం. సెకనుకి ఒక 220 చుట్లు వెనకబడుతుంది, అంతే. రెండూ ఒకే చోట మొదలైతే 2.3 మిల్లీసెకన్లకి సరిగ్గా ఎదురెదురుగా ఉంటాయి. 4.6 మిల్లీసెకన్లకి మళ్ళీ కలుస్తాయి. కలిసినప్పుడు ఒక ఫోటో తీస్తే అందులో ఉండేది నీళ్ళు ప్లస్ కొవ్వు. ఎదురెదురుగా ఉన్నప్పుడు తీస్తే నీళ్ళు మైనస్ కొవ్వు. రెండు ఫోటోలూ కూడి సగం చేస్తే నీళ్ళు, తీసేసి సగం చేస్తే కొవ్వు! ఎనిమిదో తరగతి లెక్క. అదే ఏడాది ఆయన సహచరులతో కలిసి కాలేయంలో చేరిన కొవ్వుని ఈ పద్ధతిలో చూపిస్తూ వేరే వ్యాసం కూడా వేశారు. అంటే డిక్సన్ పద్ధతి మొట్టమొదటి పనుల్లో కాలేయం ఒకటి.

ఇంత తేలికైతే 1985 కల్లా ప్రతి ఊళ్ళోనూ అంకె వచ్చి ఉండాలి. రాలేదు. ఇరవై ఏళ్ళు పైనే పట్టింది. ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఇది ఆశ్చర్యం కలిగించదు, డెమో ఒక వారం, ప్రొడక్షన్ రెండేళ్ళు. ఏమేం తప్పులొచ్చాయో చూడండి.

మొదటిది గుర్తు గొడవ. ఫోటోలో కాంతి మాత్రమే తెలుస్తుంది, ప్లస్సా మైనస్సా తెలియదు. 70 వంతుల నీళ్ళు, 30 వంతుల కొవ్వు ఉంటే తేడా 40. 30 నీళ్ళు, 70 కొవ్వు ఉన్నా తేడా 40. రెండూ ఒకటే తెలుపు. పైగా అయస్కాంతం ఎక్కడా నూటికి నూరుపాళ్ళు సమంగా ఉండదు కాబట్టి కంప్యూటరు తికమకపడి నీళ్ళని కొవ్వనీ, కొవ్వుని నీళ్ళనీ చూపించేది. 1991లో గ్లోవర్, ష్నైడర్ మూడో ఫోటో తీసి దీనికో దారి చూపించారు. 2000 దశకంలో స్కాట్ రీడర్ బృందం ఐడియల్ అనే పద్ధతితో దాన్ని గట్టిపరిచింది. శాన్ డియాగోలో క్లాడ్ సిర్లిన్ వాళ్ళు ఇంకో దారి పట్టారు. కాలేయంలో కొవ్వు సగం దాటడం దాదాపు ఉండదు కదా, మరి 70 వంతుల కొవ్వు గురించి బుర్ర బద్దలుకొట్టుకోవడం దేనికి? ఎప్పుడూ తక్కువ ఉన్నదే కొవ్వు అనుకుందాం, అన్నారు. నాకు ఈ రెండోదే ముచ్చటేసింది. అవసరం లేని కేసుని హ్యాండిల్ చెయ్యకపోవడం కూడా ఇంజినీరింగే.

రెండోది, కొవ్వు ఎద్దు ఒకటి కాదు. అసలు కొవ్వులో హైడ్రోజన్లు రకరకాల చోట్ల ఉంటాయి, కనీసం ఆరు స్వరాలు. పెద్దది మొత్తంలో 70 శాతం మాత్రమే. మిగతా 30 శాతాన్ని వదిలేస్తే లెక్క తప్పుతుంది.

మూడోది, మన ఇనుము. కాలేయం శరీరానికి ఇనుము గిడ్డంగి. ఇనుము ఉంటే సంకేతం గబగబా ఆరిపోతుంది. రెండో ఫోటో తీసేసరికి కాంతి తగ్గితే అది కొవ్వు వల్లనా, ఇనుము వల్లనా? దానికి ఒకే ఊపిరి బిగింపులో ఆరు ఫోటోలు వరసగా తీసి, ఆరిపోయే వేగం కూడా లెక్కగట్టాల్సి వచ్చింది. ఇంకా కొవ్వు నీళ్ళకంటే త్వరగా తేరుకుంటుంది కాబట్టి దాని వాటా ఎక్కువ కనబడుతుంది. దానికి రేడియో దెబ్బ మెల్లగా కొట్టడం విరుగుడు.

ఇవన్నీ సరిచేశాక మిగిలిన అంకె పేరు పి.డి.ఎఫ్.ఎఫ్. నీళ్ళవీ కొవ్వువీ కలిపి వినిపించే హైడ్రోజన్లలో కొవ్వువి ఎన్ని శాతం అన్నది. ఏ కంపెనీ స్కానరైనా, ఏ ఊరైనా దాదాపు ఒకటే అంకె రావాలన్నది లక్ష్యం. దాన్ని పరీక్షించడానికి సీసాల్లో నీళ్ళూ నూనే తెలిసిన పాళ్ళలో కలిపి స్కాన్ చేశారు. ఏ నూనె అంటే వేరుశెనగ నూనె. దాని స్వరాలు మనిషి కొవ్వు స్వరాలకి బాగా దగ్గరట. పల్లీ నూనె మన వంటింట్లోంచి ఇంత దూరం వెళ్ళిందన్నమాట.

బొమ్మల వాళ్ళు ఇలా కుస్తీ పడుతుండగానే, బొమ్మ లేకుండా కాలేయంలో ఒక చిన్న ఘనం లోపలి స్వరాలు మాత్రమే వినే పద్ధతి, స్పెక్ట్రోస్కోపీ, పనిలోకి దిగింది. నా దృష్టిలో చరిత్ర మారింది ఇక్కడ.

అమెరికాలో డల్లాస్ కౌంటీలో 2000 తర్వాత ఆసుపత్రికి వచ్చినవాళ్ళని కాదు, ఊళ్ళో మామూలు జనాన్ని ఎంచి పిలిచి అయస్కాంతంలో పడుకోబెట్టారు. సూది లేదు, రక్తం లేదు, ఎక్స్ రే లేదు. రెండు వేల మందికి పైగా ఒప్పుకున్నారు. వాళ్ళలో ఏ ముప్పూ లేని 345 మందిని తీసుకుని, 95 శాతం మంది ఎక్కడిదాకా ఉన్నారో చూస్తే 5.56 శాతం తేలింది. ఇప్పుడు మనం "అయిదు శాతం దాటితే ఫ్యాటీ లివర్" అంటున్న గీత ఇంచుమించు అక్కడిదే. ఆ గీత పెట్టి మొత్తం జనాన్ని చూస్తే, దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు గీత పైన ఉన్నారు! వాళ్ళల్లో 79 శాతం మందికి ఏ.ఎల్.టి. అనే లివరు రక్తపరీక్ష నార్మల్. అంటే ఆ పరీక్షని నమ్ముకుంటే అయిదుగురిలో నలుగురు తప్పిపోయేవాళ్ళు. సూదికి దొరకని కాలేయాలు ఇవే.

మనవాళ్ళ సంగతి 2006లో వచ్చింది. యేల్ విశ్వవిద్యాలయంలో పీటర్సన్, షుల్మన్ వాళ్ళు సన్నగా, పడుచుగా, ఆరోగ్యంగా ఉన్న రకరకాల జాతులవాళ్ళని ఇదే పద్ధతిలో కొలిచారు. భారతీయ మూలాలున్న మగవాళ్ళ కాలేయాల్లో కొవ్వు తెల్లవాళ్ళకంటే సుమారు రెట్టింపు. ఇన్సులిన్ కి సరిగా స్పందించకపోవడం మూడు నాలుగు రెట్లు. గుర్తుంచుకోండి, బొజ్జలున్నవాళ్ళు కాదు, సన్నగా ఉన్నవాళ్ళు. "నాకేం, పుల్లలా ఉంటాను" అనే ధీమా మనకి పనికిరాదని అయస్కాంతం తేల్చింది. 2008లో డల్లాస్ జనం కొలతల్లోంచే, కాలేయంలో కొవ్వు పెంచే పి.ఎన్.పి.ఎల్.ఎ.3 అనే జన్యు తేడా బయటపడింది. సూదితో అంతమందిని కొలవడం జరిగే పనే కాదు.

మరి "నూనె తగ్గించండి" సలహా? 2005లో మిన్నెసోటాలో కొంతమంది రోగుల కాలేయంలోని కొవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తులు పెట్టి వెతికారు. 59 శాతం ఒంట్లో మిగతాచోట్ల దాచిన కొవ్వు నుంచి, 26 శాతం కాలేయమే తీపీ పిండీ లాంటివాటి నుంచి సొంతంగా తయారుచేసింది, తిన్న కొవ్వు నుంచి నేరుగా వచ్చింది 15 శాతం. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బళ్ళు వెళ్ళడం చూస్తూ, అనకాపల్లి బెల్లం నమిలి పెరిగిన నాలాంటివాడికి ఆ 26 కాస్త గుచ్చుకునే అంకె. పంచదారలోనూ బెల్లంలోనూ ఉన్న తీపిలో సగం ఫ్రక్టోజు, అందులో ఎక్కువ భాగాన్ని పట్టుకునేది కాలేయమే. బెల్లం ఆరోగ్యం అని మనం చెప్పుకునే మాట కాలేయం దాకా చేరినట్టు లేదు :)

మా కులవృత్తి సంగతి కూడా చెప్పుకోవాలి. 2025లో హైదరాబాదు విశ్వవిద్యాలయం, ఏ.ఐ.జి. ఆసుపత్రి కలిసి 345 మంది ఐ.టి. ఉద్యోగుల మీద చేసిన అధ్యయనం వచ్చింది. 84 శాతం మంది కాలేయంలో కొవ్వు. 71 శాతం మందికి ఊబకాయం. ఇది ఒక ఊళ్ళో, ఒక చిన్న గుంపు లెక్క, దేశంలో ఐ.టి. వాళ్ళందరికీ అంటించకూడదు. అయినా చదివాక ఆ రోజు లిఫ్టు ఎక్కలేదు నేను.

అల్ట్రాసౌండు దండగా అంటే అదేం కాదు. చవక, ప్రతిచోటా ఉంది. కాకపోతే అది చూసేది కాలేయం పక్కనున్న కిడ్నీకంటే ఎంత తెల్లగా ఉందని, అదీ చూసేవాడి కంటితో. కొవ్వు 20 శాతం లోపుంటే చాలాసార్లు దానికి దొరకదు. ఆరు నెలలు నడిచి 18 నుంచి 12కి దిగినవాడికి రెండుసార్లూ "గ్రేడ్ వన్" అనే రావచ్చు, వాడు నడక మానేస్తాడు. మందుల కంపెనీలకి ఈ ఇబ్బంది ముందే అర్థమైంది. 2024 మార్చిలో అమెరికాలో అనుమతి పొందిన రెస్మెటిరోమ్ రెండో దశ పరీక్షల్లో, 12 వారాలకి పి.డి.ఎఫ్.ఎఫ్. ఎంత దిగిందన్నదే ముఖ్య కొలమానం.

విశాఖలోనో హైదరాబాదులోనో ఎప్పుడైనా పొట్ట ఎం.ఆర్.ఐ. వేరే కారణానికి తీయించుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. పి.డి.ఎఫ్.ఎఫ్. లెక్కగట్టే సాఫ్టువేరు చాలా స్కానర్లలో విడిగా కొనాల్సిన సరుకు. అయస్కాంతం అదే, లైసెన్సు వేరు. కానీ డిక్సన్ రెండు ఫోటోలూ దాదాపు ప్రతి పొట్ట ఎం.ఆర్.ఐ. లోనూ తీస్తారు. కలిసిన ఫోటోలో కాలేయం విలువ 200, ఎదురెదురు ఫోటోలో 160 అనుకోండి. తేడా 40, దాన్ని 200కి రెట్టింపైన 400తో భాగిస్తే 10 శాతం. ఇనుమూ గట్రా సరిచెయ్యని ముతక లెక్క ఇది, అయినా "గ్రేడ్ వన్" కంటే నయం. అడిగితే చెప్పే రేడియాలజిస్టులున్నారు. ఒక జాగ్రత్త, ఈ శాతమూ బయాప్సీ శాతమూ ఒకటి కాదు. సూది లెక్కలో కొవ్వు చుక్కలున్న కణాలు ఎన్నని చూస్తారు, 66 శాతం దాటితే గ్రేడు మూడు. అయస్కాంతం లెక్కలో 22 దగ్గరే అది గ్రేడు మూడు కింద లెక్క. 20 వచ్చిందని "ఇంకా 80 బాగానే ఉందిగా" అనుకునేరు.

చోడవరంలో మాత్రం ఈ అంకె ఇప్పట్లో అందరికీ దొరికేది కాదు, దొరకాలని కూడా నేననను. 2021లో కేంద్రం ఫ్యాటీ లివర్ని జాతీయ కార్యక్రమంలో చేర్చింది, 2024 సెప్టెంబరులో మార్గదర్శకాలు సవరించి ఇచ్చింది. ఊళ్ళో దానికి వాడే పనిముట్టు టైలరు టేపు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి నడుము కొలిచి తన ఫారంలో రాసుకుంటుంది, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకి 90 దాటితే మార్కు పడుతుంది. తాగుతారా అని కూడా అడుగుతుంది. పెద్దమ్మ రెండో ప్రశ్నకి మండిపడి మొదటిదాన్ని పట్టించుకోలేదు. ఆవిడ నడుము 94.